తొలి అడవి నడక ఎలా చేయాలి: రోళ్లపాడు గడ్డి నుంచి జ్వాలా నరసింహుడి మెట్ల దాకా

“అక్కా, పిల్లల్ని తీసుకుని నల్లమలలో నడవగలిగే దారి ఏదైనా ఉందా?” ఈ ప్రశ్న నాకు వారానికోసారైనా వస్తుంది. కార్తీకం దగ్గర పడితే రోజుకొకరు అడుగుతారు. విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి ఈసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా.

దారి ఎంత సులువో చెప్పమంటే నేను కిలోమీటర్లు చెప్పను, గంటలు చెప్తాను. ఎగువ అహోబిలం నుంచి కొండమీది జ్వాలా నరసింహస్వామి గుడి దాకా పోను నాలుగు కిలోమీటర్లు. పొద్దున ఆరున్నరకు బయల్దేరి మా అత్తమ్మ, అరవై రెండేళ్ల మనిషి, ఎక్కి దిగి వచ్చి మధ్యాహ్నం పప్పన్నం తిని పడుకుంది. అదే దారిని మరో ఏడాది మార్చిలో పదిన్నరకు మొదలుపెట్టిన మా తమ్ముడు, పాతికేళ్లవాడు, సగంలో వాంతి చేసుకుని బండమీద కూలబడ్డాడు. మెట్లు అవే, బండలు అవే. సీమలో మనిషిని పడగొట్టేది ఎండే. కింద రాసిందంతా ఆ ఎండను దాటే లెక్క.

ఇంకో సంగతి. ముందు నడిచి చూసే రోళ్లపాడు గడ్డినేల, తర్వాత ఎక్కే అహోబిలం కొండ రెండూ మ్యాపులో నంద్యాల జిల్లా అని చూపిస్తాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అటు పోయాయి. మా నోట్లో ఇంకా కర్నూలే.

కావలసినవి

నీళ్లు: పెద్దవాళ్లకు తలా మూడు లీటర్లు, పదేళ్ల పిల్లలకు ఒకటిన్నర. ఎక్కువనిపిస్తుంది, మోయాలంటే చిరాకుగా కూడా ఉంటుంది. మోయండి. దారి పక్కన పారే భవనాశిని వాగులో కాళ్లు కడుక్కోవచ్చు గానీ ఆ నీళ్లు తాగొద్దు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నే కలపాలి, పెద్ద ప్యాకెట్టయితే లీటరు. అర గ్లాసులో కలిపి పిల్లాడితో గటగటా తాగించడం చాలామంది చేసే తప్పు. ఉప్పు ఎక్కువై వాడికి దాహం ఇంకా పెరుగుతుంది.

తిండి: జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, బెల్లం ముక్క, ఉప్పేసిన మజ్జిగ. చిత్రాన్నం పదకొండు లోపు తినేస్తారంటేనే పెట్టుకోండి, నిమ్మకాయ పిండినదైనా సరే. బొరుగుల ఉగ్గాణి రుచే కానీ కొండమీదికి పనికిరాదు, చల్లారితే గొంతు దిగదు.

కాళ్లకు: వాడి అలవాటైన షూ. కొత్తవి వద్దు, మరీ పాతవీ వద్దు. పాతవి ఎందుకు వద్దో ఐదో మెట్టులో చెప్తా, అది మా ఇంటి కథ.

ఒంటికి: నిండు చేతుల నూలు బట్టలు, తలకు తుండు. టోపీ కన్నా తుండే మేలు. తడిపి మెడకు చుట్టుకోవచ్చు, చెయ్యి బెణికితే కట్టుకోవచ్చు, కూర్చోవడానికి పరుచుకోవచ్చు.

ఇవి కాక: ఒక విజిల్, చిన్న టార్చి, ముల్లు తీసే పిన్నీసు, దూది, కట్టు గుడ్డ, చెత్త వేసుకోవడానికి ఒక గుడ్డసంచి, రోజూ వేసుకునే మాత్రలుంటే ఒక పూటవి ఎక్కువ.

సెంటు కొట్టుకోవద్దు. దీన్ని ఎవరూ లెక్కచేయరు. అహోబిలం కొండ చరియలకు పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. గాఢమైన వాసన, పొగ, పెద్ద అరుపులు, రాయి విసరడం, ఈ నాలుగూ వాటికి గిట్టవు. తేనెటీగలు లేస్తే తల, మొహం తుండుతో కప్పుకుని ఆగకుండా దూరంగా వెళ్లిపోవాలి. చేతులు విసిరితే ఇంకా మీద పడతాయి.

1. ముందు రోళ్లపాడులో ఒక పూట నడవండి

నేరుగా కొండెక్కకండి. ఇంట్లో ఎవరు ఎంత నడవగలరో, ఎవరి చెప్పు ఎక్కడ కరుస్తుందో తెలియాలంటే చదునైన చోట రెండు గంటలు నడిచి చూడాలి. దానికి రోళ్లపాడు అభయారణ్యం కన్నా మంచి చోటు నాకు తెలియదు. నందికొట్కూరు పక్కన, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేల. ఎక్కడానికి ఏమీ ఉండదు, దిగడానికీ ఏమీ ఉండదు. లోపలికి అటవీ శాఖ అనుమతి కావాలి. ముందు రోజే అడిగి పెట్టుకోండి, వెళ్లాక అక్కడి సిబ్బంది ఏ బాట చూపిస్తే ఆ బాటలోనే నడవండి.

1988లో దీన్ని అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగే పక్షి. దేశం మొత్తమ్మీద నూటయాభై కూడా మిగల్లేదని అంచనా. ఇక్కడ కొన్నేళ్లుగా కనిపించడం లేదు, కాబట్టి పిల్లలకు దాన్ని చూపిస్తానని మాటివ్వకండి. కృష్ణజింకలు మాత్రం కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే గుంటనక్క కూడా. చలికాలం సాయంత్రాల్లో పిల్లిగద్దలు గుంపులుగా గడ్డిలో వాలుతాయి. మధ్య ఆసియా వైపు నుంచి చలికి ఇక్కడికి వచ్చే పక్షులు అవి. నేలకు మూరెడు ఎత్తున రెక్కలు కదపకుండా తేలుతూ వచ్చి గడ్డిలో మాయమవుతాయి. మా చిన్నది వాటిని “దొంగ విమానాలు” అంది.

జింకలవైపు నేరుగా నడిస్తే అవి లేచిపోతాయి. పక్కకు ఎక్కడికో పోతున్నట్టు ఏటవాలుగా నడవాలి. తలెత్తి చూశాయా, అక్కడే నిలబడిపోండి. మళ్లీ తల దించి మేత మొదలుపెడితే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. చెవులు నిక్కబొడుచుకుని అలాగే చూస్తుంటే రెండడుగులు వెనక్కి. ఈ ఒక్క పరీక్ష పిల్లలకు నేర్పితే చాలు, ఏ అడవికి తీసుకెళ్లినా పనికొస్తుంది.

బండి బాట దిగి గడ్డిలోకి పోవద్దు. భరత పక్షులు, తీతువులు నేలమీదే గుడ్లు పెడతాయి. మట్టిరంగులో ఉంటాయి కాబట్టి కాలి కింద పడేదాకా కనపడవు. తీతువు మీ తలమీద తిరుగుతూ అదే పనిగా అరుస్తోందంటే మిమ్మల్ని తిడుతోందని అర్థం, గూడు దగ్గరికి వచ్చేశారు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగండి. గడ్డి ఎండిన రోజుల్లో బీడీ, సిగరెట్టు జేబులోంచి తీయొద్దని మగవాళ్లకు విడిగా చెప్పాల్సి వస్తుంది.

వానపడిన మర్నాడు వెళ్లకండి. చుట్టుపక్కల నల్లరేగడి చెప్పులకు పట్టుకుంటే ఒక్కో కాలు రెండు కిలోలు తూగుతుంది.

ఎలా ఉందో చూసుకోవడం: రెండు గంటల నడక అయ్యాక ఇంటికొచ్చి అందరి మడమలు, వేళ్లు చూడండి. ఎర్రగా కందిన చోట అహోబిలంలో బొబ్బ లేస్తుంది. ఆ షూ మార్చండి, లేదా అక్కడ ముందే ప్లాస్టర్ వేయండి. ఎవరు ఎన్ని నీళ్లు తాగారో లెక్క రాసుకోండి. అహోబిలానికి దాన్ని రెండింతలు చేసుకోవాలి.

2. రోజు ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా హాయి. మార్చి నుంచి ఎండ కరుస్తుంది. మేలో నంద్యాల వైపు 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఆ నెలల్లో ఈ నడక తలపెట్టొద్దు. జులై నుంచి అక్టోబరు దాకా అడవి పచ్చగా, జలపాతాలతో కన్నులపండువగా ఉంటుంది. అయితే బండలు పాచి పట్టి జారతాయి, వాగులు చెప్పకుండా పెరుగుతాయి. నల్లమలలో పెద్దపులుల అభయారణ్యం పరిధిలో వానాకాలం పర్యటనలు ఆపుతుంటారు. కాబట్టి ఏ దారులు తెరిచి ఉన్నాయో బయల్దేరే ముందు అడగాలి.

శని, ఆదివారాలు, స్వాతి నక్షత్రం రోజు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు జనం కిటకిటలాడతారు. భక్తికి మంచిది, నడకకు కాదు. ఇరుకు మెట్లమీద ఎదురెదురుగా గుంపులు వస్తే పిల్లల చెయ్యి పట్టుకోవడమే సరిపోతుంది. మంగళ, బుధవారాలు నా ఓటు.

3. ముందు రోజు రాత్రి దిగువ అహోబిలంలో పడుకోండి

కర్నూలు నుంచి తెల్లవారుజామున కారేసుకుని పోయి ఎక్కేస్తామనేవాళ్లు ఎందరో. నిద్రలేని పిల్లలు, మలుపుల్లో వాంతులు, ఎలా చూసినా ఎనిమిదిన్నర లోపు మొదలవ్వదు. ఆళ్లగడ్డ మీదుగా ముందు రోజు సాయంత్రానికే చేరి, దిగువన సత్రంలోనో గదిలోనో ఉండండి. దిగువ నుంచి ఎగువకు రోడ్డున ఎనిమిది కిలోమీటర్లు, ఆటోలు, బస్సులు ఉంటాయి. పొద్దున ఆరుకు రమ్మని ఆటో అతనితో రాత్రే మాట్లాడుకోండి.

రాత్రే చేయాల్సినవి ఇంకో మూడు. సీసాలు నింపి వరుసగా పెట్టడం. ఎగువ దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు కాబట్టి ఇంట్లో ఒకరికి ఫోను చేసి “మధ్యాహ్నం రెండు లోపు ఫోను చేస్తాం, చేయకపోతే విచారించండి” అని చెప్పడం. నడిచేటప్పుడు ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని అందరితో ఒప్పించడం. సిగ్నల్ కోసం వెతుక్కునే ఫోను మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. ఒక ఫోను పూర్తిగా ఆపి సంచి అడుగున పెట్టండి.

4. గడియారం చూసి మొదలుపెట్టండి

ఆరున్నరకు ఎగువ గుడి దగ్గర అడుగు పడాలి. పిల్లలతో ఎక్కడానికి రెండున్నర గంటలు, పైన అరగంట, దిగడానికి రెండు గంటలు. పదకొండున్నరకు మళ్లీ గుడి దగ్గర ఉంటారు.

“వెనక్కి తిరిగే వేళ” ఒకటి పెట్టుకోండి. మాది పది గంటలు. పదికి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. జ్వాలా నరసింహుడు ఎదురుగా కనిపిస్తున్నా, ఇంకో యాభై మెట్లే ఉన్నా సరే. ఈ మాట మొదలయ్యేటప్పుడే అందరి ముందూ చెప్పాలి, పైకెళ్లాక చెప్తే గొడవలవుతాయి. మా మామగారు ఒకసారి అలిగి బండమీద కూర్చున్నారు. “ఇంత దూరం వచ్చి సామిని చూడకుండా పోతామా?” అని. ఆయన్ని అత్తమ్మ ఒప్పించింది, నా వల్ల కాలేదు.

గడియారం లెక్క పెద్దవాళ్లకు ఎక్కకపోతే ఇలా చెప్పండి: నీళ్లు సగం అయిపోయాయంటే అది కూడా తిరుగు వేళే, గడియారం ఏం చెప్పినా సరే.

5. నడక

గుడి పక్కన దుకాణాల్లో వెదురు కర్రలు దొరుకుతాయి. తీసుకోండి. మోచెయ్యి మడిచి పట్టుకుంటే నేలకు ఆనేంత పొడవు చాలు. పిల్లలకు పెద్ద కర్ర ఇస్తే దాంతో యుద్ధాలు చేస్తారు. కోతులకు చూపించడానికి కూడా కర్ర పనికొస్తుంది, కొట్టడానికి కాదు. అక్కడి కోతులకు తినుబండారాల కవరు చప్పుడు అరకిలోమీటరు నుంచి వినపడుతుందని నా నమ్మకం. అందుకే అరటిపళ్లు, బిస్కెట్లు చేతిలో పట్టుకోకండి, జిప్పున్న సంచిలో వేయండి. ఒక్కసారి పెడితే తర్వాత వచ్చేవాళ్ల సంచి లాగుతాయి.

మొదటి కిలోమీటరు భవనాశిని వాగు వెంట, బండలమీదుగా. దాదాపు చదును. వరాహ నరసింహస్వామి గుడి వస్తుంది. ఇక్కడ కూర్చుని అందరూ ఒక గ్లాసెడు నీళ్లు తాగాలి, దాహం వేసినా వేయకపోయినా. ఇక్కడిదాకా వచ్చి మోకాళ్లు మొరాయిస్తే ఆగిపోండి. చిన్న పిల్లలున్నవాళ్లకు ఇదే ఒక చక్కటి పూట: వాగు, నీడ, గుడి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మా ఇంటి కథ ఇక్కడే జరిగింది. మా ఆయన ట్రెక్కింగు షూ అని ఐదేళ్ల క్రితం కొన్నవి అటకమీంచి దించారు. పైకి కొత్తగా మెరుస్తున్నాయి. వరాహస్వామి గుడి దాటి వంద మెట్లు ఎక్కేసరికి కుడి షూ అట్ట నోరు తెరిచింది, మొసలిలా. ఇంకో పది అడుగులకు మడమ దగ్గర కూడా ఊడి, అట్ట మొత్తం రాతిమీద పడింది. వాడకుండా పెట్టిన షూల జిగురు ఎండి పొడైపోతుంది, చూడటానికి తెలియదు. డోలీ మోసే ఒక పెద్దాయన నవ్వుతూ తన నడుముకున్న ప్లాస్టిక్ తాడు తీసి, అట్టను పాదానికి మూడు చుట్లు చుట్టి, ముడి పైకి రాకుండా పక్కకు వేసి కట్టాడు. “ఎక్కేటప్పుడు అందరూ పులులేప్పా, దిగేటప్పుడు తెలుస్తాది మోకాళ్ల సంగతి” అన్నాడు. ఆ తాడుతోనే మా ఆయన కిందిదాకా దిగారు. అందుకే చెప్తున్నా: పాత షూ వేసుకోవాలంటే ముందు వారం రోజులు వీధిలో తొడిగి తిరగండి, అట్టను రెండు చేతులా వంచి చూడండి. వంచినప్పుడు అంచున గీత పడితే పక్కన పడేయండి.

వరాహస్వామి గుడి తర్వాత మెట్లు మొదలవుతాయి. ఇక్కడ నడక పాట వేరు. ఇరవై మెట్లు, పది ఊపిర్లు, మళ్లీ ఇరవై మెట్లు. ముందు వెళ్లేవాళ్లు వెనకవాళ్లను చూసి ఆగుతారు, వెనకవాళ్లు చేరుకోగానే లేచి పోతారు. దాంతో బాగా అలసినవాళ్లకే విశ్రాంతి దొరకదు. దీన్ని సరిచేయడానికి అందరికన్నా నెమ్మదైన మనిషిని ముందు నడిపించండి. వరస మొత్తం ఆ మనిషి వేగంతో సాగుతుంది. పిల్లలు మధ్యలో, చివర ఒక గట్టి మనిషి.

పిల్లలు మధ్యలో ఉండాలనడం ఊరికే కాదు. 2023లో తిరుమల నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైంది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్ల లోపు పిల్లల్ని ఆ దారిలో పంపకుండా ఆపారు. నల్లమలలోనూ చిరుతలు, ఎలుగుబంట్లు, పెద్దపులులు ఉన్నాయి. పట్టపగలు నలుగురు మాట్లాడుకుంటూ పోతుంటే అవే తప్పుకుంటాయి. ప్రమాదమంతా సందె వేళ, ఒంటరిగా, లేదా వంద మెట్లు ముందు పరిగెత్తే పిల్లాడికి. ఇప్పచెట్లు పూసే మార్చి, ఏప్రిల్‌లలో ఎలుగులు పూలకోసం వస్తాయి. ఎదురైతే పరిగెత్తవద్దు, గుంపుగా దగ్గరకు జరిగి, మొహం అటే ఉంచి మెల్లగా వెనక్కి నడవాలి.

పై భాగంలో దారి కొండ చరియ పక్కగా సాగుతుంది. వానలు పడ్డ రోజుల్లో పైనుంచి నీటిధార దారిమీదికే పడుతుంది. ఫొటోలకు అందరూ అక్కడే ఆగుతారు, జారేదీ అక్కడే. పచ్చటి రాయి, నల్లటి తడిరాయి రెండింటిమీదా కాలు పెట్టకండి. పొడిగా, గరుగ్గా ఉన్నదానిమీదే పెట్టండి. జ్వాలా నరసింహుడి గుడి కొండ చరియ కిందే. దగ్గర్లో రక్తగుండం. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్న చోటని చెప్తారు.

అక్కడి నుంచి ఉగ్రస్తంభం, అంటే స్తంభంలా నిలిచిన కొండ, పైకి కనిపిస్తుంది. పిల్లలు అడుగుతారు, మగవాళ్లు తొందరపడతారు. వద్దు. అది చేతులతో పట్టుకుని ఎక్కే నిట్టనిలువు దారి, ఈ కథనంలోని నడకకు సంబంధించింది కాదు.

6. వాగు, పాము, ఎండ: ఎప్పుడు ఆగాలి

వాగు. మీ పాదం నీళ్లలో కనిపిస్తోందా? కనిపిస్తూ, నీళ్లు మోకాలి లోపు ఉంటే దాటొచ్చు. నీళ్లు ఎర్రబారినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపిస్తున్నా దాటొద్దు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైకొండల్లో వాన కురిసి ఉంటుంది. ఒడ్డునుంచి ఎత్తైన చోటికి జరిగి కూర్చోండి. ఇలాంటి వాగులు వచ్చినంత వేగంగానే తగ్గుతాయి.

పాము. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, పడిన చెట్టుమొద్దును దాటేటప్పుడు అవతల చూసి కాలేయాలి. రక్తపింజర ఆకుల్లో ఆకులా ఉంటుంది. కాటు పడితే కొయ్యడం, పీల్చడం, గట్టిగా తాడు బిగించడం, పసరు రాయడం ఏవీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా డోలీలో దించండి. దించుతుండగానే ఒకరు ముందు పరిగెత్తి సిగ్నల్ దొరికిన చోట 108కి చేయాలి. పామును పట్టుకురావాల్సిన అవసరం లేదు. విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరడమే పని.

ఎండ. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే నీడన పడుకోబెట్టి, తుండు తడిపి మెడ, చంకలమీద వేసి ఓఆర్‌ఎస్ గుటక గుటకగా పట్టండి. మాట తడబడినా, ఒళ్లు పొడిగా కాలిపోతున్నా ఇక నడకలేదు, డోలీయే. పిల్లల్లో ముందే కనిపెట్టే గుర్తు ఒకటుంది: పొద్దున్నుంచి వాగుతున్న పిల్లాడు ఉన్నట్టుండి మౌనంగా అయ్యాడంటే ఆగి నీళ్లు పట్టండి. ఇది నాకు ఎప్పుడూ తప్పలేదు.

7. దిగడం

దెబ్బలన్నీ ఎక్కువగా ఇక్కడే. కర్రను ముందు కింది మెట్టుమీద ఆనించి, తర్వాత కాలు దించండి. మోకాలు కాస్త వంచే ఉంచాలి. ఎత్తు మెట్లయితే పక్కకు తిరిగి దిగండి. పెద్దవాళ్లకు ఒకరు ముందుండి దిగాలి, వెనక నుంచి పట్టుకుంటే ఇద్దరూ పడతారు. పిల్లలు పోటీలు పెట్టుకోకుండా చూడండి. దారిమధ్యలో మాలోల నరసింహస్వామి వైపు దారి చీలుతుంది. పదింటి లోపు ఉండి, నీళ్లు ఇంకా సగం ఉంటేనే అటు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అసలు జ్వాల మానేసి ఎగువ నుంచి రెండు కిలోమీటర్లున్న మాలోలకే పోయి రావచ్చు, నా లెక్కలో అదే మరింత ప్రశాంతం.

ఎర్రచందనం చెట్టు కనిపిస్తే పిల్లలకు చూపించండి, మొసలి తోలులా పగిలిన బెరడును బట్టి పోల్చుకోవచ్చు. దాన్ని గీకడం, పుల్ల విరవడం, కిందపడిన ముక్క సంచిలో వేసుకోవడం నేరం. “గుర్తుగా చిన్న ముక్కే కదా” అన్న మాట చెక్‌పోస్టులో చెల్లదు.

8. ఇంటికొచ్చాక

ప్లాస్టిక్ లెక్క చూడండి. బయల్దేరేటప్పుడు ఎన్ని ప్యాకెట్లు, సీసాలు ఉన్నాయో ఒకరు కాగితంమీద రాయాలి, దిగాక గుడ్డసంచి గుమ్మరించి లెక్కపెట్టాలి. మొదటిసారి మాకు మూడు చాక్లెట్ కాగితాలు తక్కువొచ్చాయి. రెండోసారి పిల్లలే ఒకరికొకరు కాపలా కాశారు.

ఒళ్లు చూసుకోండి: చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో పిడుదులు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరుకు అడవికి వెళ్లొచ్చామని చెప్పండి.

మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోయినట్టు. చిక్కటి టీ రంగులో ఉంటే ఆ సాయంత్రమంతా మజ్జిగ, నీళ్లు పట్టండి, మరోసారికి సీసాలు పెంచండి. మర్నాడు తొడలు నొప్పిగా ఉండటం మామూలే. మోకాలు వాస్తే మాత్రం కాదు.

వేరే వైపు వాళ్లకు

కడప వాళ్లు లంకమల గురించి అడుగుతారు. సిద్ధవటం వైపు నుంచి నిత్యపూజకోన దారి అందమైనదే గానీ బండలు, వాగు దాటడాలు ఎక్కువ. అహోబిలం చేశాక పోండి, అదీ కార్తీక సోమవారాల్లాంటి జనం నడిచే రోజుల్లో, అనుమతి అడిగి. ఆ అడవి పేరు ప్రపంచానికి తెలిసింది కలివి కోడి వల్ల. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న పిట్ట, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పొదల్లో ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ టార్చి వేసుకుని తిరగాలని మాత్రం అనుకోకండి. పిట్టకూ చేటు, ఎర్రచందనం కాపలావాళ్ల కంట పడితే మీకూ చేటు.

అనంతపురం, హిందూపురం వైపు వాళ్లకు, ముఖ్యంగా నడవలేని తాతలు, మరీ చిన్న పిల్లలున్నవాళ్లకు, చిలమత్తూరు దగ్గర వీరాపురం. ఊరి మధ్య చింతచెట్లమీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. చలికాలం చివరి నుంచి వానలదాకా ఉంటాయి. నడక అంటూ పెద్దగా లేదు, వీధుల వెంట తలెత్తి చూడటమే. అందరూ వాటిని సైబీరియా కొంగలు అంటారు, బోర్డులమీద కూడా రాసేశారు. అవి మన దేశం పక్షులే, సైబీరియా చూసి ఉండవు. గూళ్ల కింద నిలబడేటప్పుడు తలమీద తుండు వేసుకోవడం మరవకండి, ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇక అహోబిలంలోనే మెట్లు అస్సలు వద్దనుకునేవాళ్లకు పావన నరసింహుడి దారిలో అడవిలోంచి జీపులు నడుస్తాయి. కుదుపులకు నడుము పట్టేస్తుంది కాబట్టి గర్భిణులు, వెన్నునొప్పి ఉన్నవాళ్లు ఎక్కొద్దు. ఎక్కేవాళ్లు ముందు సీటు కోసం పోట్లాడుకోకండి, దుమ్ము తక్కువగా ఉండేది అక్కడే అని మా అత్తమ్మ ఎప్పుడో కనిపెట్టేసింది, ఆవిడకంటే ముందు మీరు ఎక్కలేరు.